రాని నొప్పిని మందిచ్చి రప్పించడమా?

మీ శీర్షిక ప్రతివారం చదువుతాను. మా వారికి 46 ఏళ్ళు. బట్టల దుకాణంలో లెక్కలు రాస్తారు. షుగరు లేదు, బి.పి. లేదు. సిగరెట్లు మాత్రం రోజుకో పెట్టె కాలుస్తారు. ఎంత చెప్పినా మానలేదు. ఆరు నెలల నుంచి తెల్లవారుఝామున నాలుగింటికీ అయిదింటికీ మధ్య గుండెలో పట్టేసినట్టు నొప్పితో లేచి కూర్చుంటున్నారు. ఒళ్ళంతా చెమటలు పోస్తాయి. అయిదు పది నిమిషాల్లో తగ్గిపోతుంది. ఆ తర్వాత పగలంతా మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగినా ఏమీ ఉండదు. పొద్దున పదిగంటలకు డాక్టరు దగ్గరకు వెళితే ఇ.సి.జి. బాగానే ఉందన్నారు. ట్రెడ్‌మిల్ పరీక్షా బాగానే ఉంది. అప్పు చేసి ఆంజియోగ్రాం కూడా చేయించాం. రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి, ఇది గ్యాసు నొప్పి అన్నారు. గ్యాసు మాత్రలు మూడు నెలలు వాడినా నొప్పి మానలేదు. ఇప్పుడు ఇంకో పెద్ద డాక్టరు గారు మళ్ళీ ఆంజియోగ్రాం చేసి, ఈసారి రక్తనాళంలోకి మందు ఎక్కించి ఆ నొప్పి వస్తుందేమో చూడాలంటున్నారు. రాని నొప్పిని మందిచ్చి రప్పించడమేమిటి? పడుకున్న పామును లేపి తొక్కడం కాదా? మా అత్తగారు ససేమిరా వద్దంటున్నారు. పదిహేను రోజుల్లో మా నిర్ణయం చెప్పాలి. నన్నేం చెయ్యమంటారు? నా పేరు ప్రచురించకండి.

— ఒక సోదరి, తూర్పు గోదావరి జిల్లా

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు వ్రాసిన ప్రతి వివరమూ విలువైనదే. నొప్పి వచ్చే వేళ, అది ఉండే సేపు, పగలు మెట్లెక్కినా రాకపోవడం, సిగరెట్ల సంఖ్య — డాక్టరు అడిగి తెలుసుకోవలసినవన్నీ మీరే వ్రాశారు. మనిషిని చూడకుండా ఉత్తరం మీద రోగ నిర్ణయం చెయ్యడం సాధ్యం కాదు. కాని ఆ పెద్ద డాక్టరు గారు దేన్ని అనుమానిస్తున్నారో, ఆ పరీక్షలో ఏం చేస్తారో, అందులో ఉన్న ప్రమాదమెంతో వివరంగా చెబుతాను. చివరకు మీ ప్రశ్నకు సూటిగా జవాబు కూడా చెబుతాను.

పూడిక వేరు, తూము మూత వేరు

గుండె కండరానికి రక్తం తెచ్చే ధమనులను కొరొనరీ ధమనులు అంటారు. మీది గోదావరి జిల్లా కనుక కాలువ సంగతి మీకు వేరే చెప్పనక్కర లేదు. చేలోకి నీళ్ళు రాకపోవడానికి రెండు కారణాలుంటాయి. కాలువలో పూడిక పేరుకుని ఉండవచ్చు. లేదా కాలువ బాగానే ఉండి, ఎవరో తూము తలుపు దించేసి ఉండవచ్చు.

గుండె ధమనులలోనూ అంతే. కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే అది పూడిక. మనం సాధారణంగా వినే గుండె జబ్బు ఇదే. మెట్లెక్కినా, బరువు మోసినా గుండెకు ఎక్కువ రక్తం కావాలి. ఇరుకు దారిన అంత రక్తం రాదు, నొప్పి పుడుతుంది. నిలబడితే తగ్గుతుంది.

రెండవ రకంలో ధమని గోడలో ఉన్న కండరం ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. పిక్క పట్టేసినట్టే ధమని పట్టేస్తుందన్న మాట. దీన్ని స్పాజం అంటారు. ఆ కొద్ది నిమిషాలూ రక్తం దాదాపు ఆగిపోతుంది. కండరం సడలగానే మళ్ళీ మామూలుగా ప్రవహిస్తుంది. ఇది శ్రమ పడినప్పుడు కాకుండా విశ్రాంతిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారుఝామున వస్తుంది.

తెల్లవారుఝామున నాలుగింటికి తూము దించి అయిదింటికి ఎత్తేస్తే, పదిగంటలకు వచ్చిన లస్కరుకు కాలువ నిండుగానే కనిపిస్తుంది. అతను అబద్ధం చెప్పలేదు. చేను ఎండలేదని మీరు అనలేరు కూడా. మీ వారి ఇ.సి.జి., ట్రెడ్‌మిల్, ఆంజియోగ్రాం అన్నీ బాగుండడానికి కారణం ఇదే కావచ్చు. ఆ పరీక్షలన్నీ తూము ఎత్తి ఉన్న వేళ చేసినవి.

ఈ సంగతి ఎప్పుడు తెలిసింది?

1959లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ డాక్టరు మైరన్ ప్రింజ్‌మెటల్, ఆయన సహచరులు ఇలాంటి రోగులను గురించి వ్రాశారు. శ్రమతో కాక విశ్రాంతిలో నొప్పి రావడం, నొప్పి ఉన్నంతసేపే ఇ.సి.జి.లో ఎస్.టి. అనే భాగం పైకి లేచి, నొప్పి తగ్గగానే మామూలు కావడం ఆయన గుర్తించారు. అందుకే దీన్ని ప్రింజ్‌మెటల్ ఆంజైనా అనీ, వేరియంట్ ఆంజైనా అనీ అంటారు. ధమని బిగుసుకోవడం వల్లనే ఇలా జరుగుతుందని ఆయన ఊహించారు. 1970 దశకంలో ఇటలీలో డాక్టరు అటిలియో మసేరి బృందం, మరికొందరు వైద్యులు నొప్పి వచ్చిన సమయంలోనే ఆంజియోగ్రాం తీసి, ధమని మూసుకోవడం, మందిస్తే తెరుచుకోవడం కళ్ళారా చూశారు.

జపాను డాక్టరు హిరోఫుమి యసుయే బృందం 1979లో మరో విశేషం తెలిపింది. ఇలాంటి రోగులు తెల్లవారుఝామున కొద్దిగా శ్రమ చేసినా నొప్పి వచ్చేది. అదే శ్రమ మధ్యాహ్నం చేస్తే వచ్చేది కాదు. మధ్యాహ్నం ట్రెడ్‌మిల్ మీద చక్కగా పరుగెత్తిన మనిషి తెల్లవారకుండానే నొప్పితో లేచి కూర్చుంటున్నాడంటే నటిస్తున్నాడని ఎవరూ అనుకోకూడదు.

ఏ మందుతో నొప్పి రప్పిస్తారు?

ఎప్పుడు వస్తుందో తెలియని స్పాజం కోసం రోగిని ఆంజియోగ్రాం బల్ల మీద రాత్రంతా పడుకోబెట్టలేరు కదా. అందుకని స్పాజం వచ్చే స్వభావం ఉన్న ధమనిని మందుతో కొద్దిసేపు ఉసిగొల్పి చూస్తారు. ఇందుకు ముఖ్యంగా రెండు మందులు ఉపయోగపడుతున్నాయి.

మొదటిది ఎర్గోమెట్రిన్. రై అనే ధాన్యపు కంకులకు పట్టే ఒక బూజు నుంచి 1935లో దీన్ని వేరు చేశారు. గర్భసంచిని ముడుచుకునేలా చేసి, కాన్పు తర్వాత రక్తస్రావాన్ని ఆపుతుంది. కాన్పు గదుల్లో మెథర్జిన్ అన్న పేరు విని ఉంటారు. అది దీనికి దగ్గర చుట్టమే. ఈ మందుకు రక్తనాళాలను కూడా బిగించే గుణం ఉంది. 1970 దశకంలో అమెరికా డాక్టర్లు దీన్నే స్పాజం పరీక్షకు వాడడం మొదలుపెట్టారు.

రెండవది అసిటైల్‌కోలీన్. ఇది మన శరీరంలో నరాల చివర్ల నుంచి సహజంగా ఊరే పదార్థమే. దీని కథ చిత్రంగా ఉంటుంది. 1980లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళపు ముక్కల మీద ప్రయోగాలు చేసి ఒక సంగతి ప్రకటించారు. రక్తనాళం లోపలి సున్నితమైన పొర చెక్కుచెదరకుండా ఉంటే అసిటైల్‌కోలీన్ తగలగానే నాళం సడలుతుంది. ఆ పొరను రుద్దేస్తే అదే మందుకు నాళం సడలదు సరికదా, బిగుసుకుంటుంది! ఆరోగ్యంగా ఉన్న లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేసి నాళాన్ని సడలిస్తుందని తర్వాత తేలింది. ఈ పరిశోధనలకు ఫర్చ్‌గాట్‌కూ మరి ఇద్దరికీ 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. నాలుక కింద పెట్టుకునే మాత్ర రక్తనాళాన్ని సడలించేదీ ఈ నైట్రిక్ ఆక్సైడ్ ద్వారానే.

1986లో యసుయే బృందం వేరియంట్ ఆంజైనా రోగుల కొరొనరీ ధమనిలోకి నేరుగా అసిటైల్‌కోలీన్ ఎక్కించి స్పాజం రప్పించవచ్చునని చూపింది. అంటే ఈ పరీక్ష ధమని లోపలి పొరను, గోడలోని కండరాన్ని ‘మీరెలా ఉన్నారు?’ అని అడగడం లాంటిది. ఆంజియోగ్రాం ధమని ఆకారాన్ని చూపుతుంది. ఈ పరీక్ష దాని ప్రవర్తనను చూపుతుంది.

పరీక్ష ఎలా చేస్తారు?

మామూలు ఆంజియోగ్రాం లాగానే మణికట్టు దగ్గరో గజ్జల దగ్గరో సన్నని గొట్టం పంపిస్తారు. మత్తు ఇచ్చి నిద్రపుచ్చరు. రోగి మెలకువగానే ఉంటాడు. ముందు మామూలు ఆంజియోగ్రాం తీసి పూడికలు లేవని నిర్ధారణ చేసుకుంటారు. తర్వాత మందును చాలా కొద్దికొద్దిగా, మెట్లు మెట్లుగా ఎక్కిస్తారు. జపాను వైద్యుల పద్ధతిలో అసిటైల్‌కోలీన్ ఎడమ ధమనికి 20, 50, 100 మైక్రోగ్రాములు, కుడి ధమనికి 20, 50 మైక్రోగ్రాములు వరుసగా ఇస్తారు. ఒక్కొక్క మోతాదును సుమారు 20 సెకండ్ల పాటు మెల్లగా ఎక్కిస్తారు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షల వంతు. ఒక మోతాదుకు ఏమీ కాకపోతేనే తర్వాతి మోతాదుకు వెళతారు. స్పాజం వస్తే ఇక అక్కడితో ఆపేస్తారు.

పరీక్ష జరుగుతున్నంతసేపూ ఇ.సి.జి. నడుస్తూనే ఉంటుంది. ‘ఇంట్లో వచ్చే నొప్పి ఇదేనా?’ అని రోగిని అడుగుతారు. చివరకు నైట్రోగ్లిజరిన్ మందును అదే గొట్టం ద్వారా నేరుగా ధమనిలోకి ఎక్కించి, బిగుసుకున్న చోటును విప్పుతారు. తూము దించిన చేతితోనే వెంటనే ఎత్తేస్తారన్న మాట. అసిటైల్‌కోలీన్ ప్రభావం దానంతట అది కూడా త్వరగానే పోతుంది.

ఫలితాన్ని ఎలా నిర్ణయిస్తారన్నది తెలుసుకోవాలి. మందుకు ధమని కొద్దిగా ముడుచుకోవడం చాలామందిలో జరుగుతుంది. దాన్ని జబ్బు అనరు. మూడూ కలిసి రావాలి: ధమని 90 శాతానికి మించి బిగుసుకోవాలి, ఇ.సి.జి.లో మార్పు రావాలి, రోగికి తన మామూలు నొప్పే రావాలి. అప్పుడే పరీక్ష స్పష్టంగా పాజిటివ్ అంటారు.

కొందరిలో పెద్ద ధమనులు బాగానే కనబడుతూ నొప్పీ, ఇ.సి.జి. మార్పూ వస్తాయి. ఆంజియోగ్రాంలో కనబడనంత సన్నని రక్తనాళాలు బిగుసుకోవడమే దానికి కారణమని భావిస్తారు. ఈ రకం ఆడవారిలో ఎక్కువ. ఏళ్ళ తరబడి ‘నీకేమీ లేదు, అంతా మనసులోనే’ అనిపించుకున్న గృహిణులు ఎందరో ఉన్నారు. 2012లో జర్మనీలోని స్టట్‌గార్ట్ డాక్టర్లు ప్రచురించిన పరిశీలనలో, గుండెనొప్పి ఉండి ఆంజియోగ్రాంలో పెద్ద అడ్డంకులు లేని 124 మందికి అసిటైల్‌కోలీన్ పరీక్ష చేస్తే, 60 శాతానికి పైగా మందిలో పెద్ద నాళాలో చిన్న నాళాలో బిగుసుకున్నట్లు తేలింది.

ఇందులో ప్రమాదం లేదా?

ఉంది. లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. తొలి రోజులలో ఎర్గోమెట్రిన్ రకం మందును చేతి నరానికి ఇచ్చేవారు. అలా వచ్చిన స్పాజం కొందరిలో నాలుక కింద మాత్రకు, నరానికిచ్చే మందుకు లొంగలేదు. ప్రాణాలు పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1980లో అమెరికా డాక్టర్లు వీటిని దాచకుండా ప్రచురించారు. ధమనిలో గొట్టం ఉండగానే, నైట్రోగ్లిజరిన్ సిద్ధంగా పెట్టుకునే ఈ పరీక్ష చెయ్యాలన్న పాఠం వాటి నుంచి నేర్చుకున్నదే.

ఇప్పటి పరిస్థితి వేరు. 2022లో అమెరికా హృద్రోగ పత్రిక ఒకటి 16 పరిశీలనలను కలిపి చూసిన లెక్క ప్రచురించింది. అసిటైల్‌కోలీన్ పరీక్ష చేయించుకున్న 12,585 మందిలో పెద్ద ప్రమాదాలు 0.5 శాతం, అంటే రెండువందల మందిలో ఒకరికి. మరణాలు లేవు. గుండె కొట్టుకోవడం కొద్ది క్షణాలు నెమ్మదించడం, లయ తప్పడం వంటివి అంతకంటె ఎక్కువగానే జరుగుతాయి. కుడి ధమనికి మందిచ్చేటప్పుడు ఇవి ఎక్కువ. కొన్నిచోట్ల ముందుజాగ్రత్తగా తాత్కాలిక పేస్‌మేకర్ తీగ పెట్టేది అందుకే. గుండె లయను సరిచేసే షాకు యంత్రం పక్కనే ఉంటుంది.

గర్భిణులకు ఈ పరీక్ష చెయ్యరు. ప్రధాన ధమనిలో పెద్ద పూడిక ఉన్నవారికీ, గుండె బాగా బలహీనమై ఆయాసపడుతున్నవారికీ చెయ్యరు. ఉబ్బసం తీవ్రంగా ఉన్నవారికి అసిటైల్‌కోలీన్ తగదు.

పామును లేపడం గురించి అడిగారు. అమ్మా, మీ ఇంట్లో ఆ పాము ఆరు నెలలుగా దానంతట అదే లేస్తోంది. చీకట్లో, డాక్టరూ మందూ దగ్గర లేని వేళ లేస్తోంది. పరీక్షలో దాన్ని పట్టపగలు, నేర్పరి చేతిలో కర్ర ఉండగా లేపుతారు. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో మీరే ఆలోచించండి. స్పాజం ఎక్కువసేపు ఉంటే గుండెపోటు రావచ్చు. గుండె లయ తప్పి ప్రాణం మీదికీ రావచ్చు.

అందరికీ ఈ పరీక్ష కావాలా?

అక్కరలేదు. నొప్పి వచ్చిన నిమిషంలోనే తీసిన ఇ.సి.జి.లో స్పష్టమైన మార్పు దొరికి, నాలుక కింద మాత్రతో నొప్పీ ఆ మార్పూ రెండూ పోతే, అదే చాలు. స్పాజం అని తేలిపోయినట్టే. అందుకని రెండోసారి ఆంజియోగ్రాంకు వెళ్ళేముందు డాక్టరు గారిని ఒక మాట అడగండి: ‘హోల్టర్ యంత్రం పెట్టి చూద్దామా?’ ఇది నడుముకో ఛాతీకో తగిలించే చిన్న పెట్టె. 24 గంటలో, అంతకంటె ఎక్కువసేపో ఇ.సి.జి.ని నమోదు చేస్తుంది. మీ వారికి నొప్పి తరచుగా వస్తూంటే తెల్లవారుఝామున అది దొరికిపోవచ్చు. నొప్పి వచ్చిన వెంటనే దగ్గరలోని నర్సింగ్ హోముకు తీసుకెళ్ళి ఇ.సి.జి. తీయించడం కూడా మంచిదే. ఇ.సి.జి. దొరకని రోజున పరీక్ష అవసరమవుతుంది.

‘పరీక్ష ఎందుకు, స్పాజం అనుకుని మందులిచ్చేస్తే పోదా?’ అని కొందరు అడుగుతారు. కొన్ని సందర్భాలలో డాక్టర్లు అలా ఇవ్వడమూ ఉంది. కాని నాలుక కింద మాత్రకు తగ్గినంత మాత్రాన అది గుండెనొప్పే అని తేలదు. అన్నవాహిక బిగుసుకోవడం వల్ల వచ్చే నొప్పి కూడా ఆ మాత్రకు తగ్గవచ్చు. పైగా స్పాజంకు మందులు ఏళ్ళ తరబడి వాడాలి. పేరు తెలియని జబ్బుకు ఏళ్ళ తరబడి మందు వేసుకోవడం మనిషికి కష్టం. నాలుగు నెలలు బాగుంటే మానేస్తాడు.

పేరు తెలియడం వల్ల లాభం ఉందా అంటే, దానికీ రుజువు ఉంది. 2018లో గ్లాస్గో డాక్టర్లు, గుండెనొప్పి ఉన్నా ఆంజియోగ్రాంలో పెద్ద అడ్డంకులు లేని 151 మందికి ధమనుల పనితీరు పరీక్షలు చేశారు. అందులో అసిటైల్‌కోలీన్ పరీక్ష కూడా ఉంది. సగం మంది విషయంలో ఫలితాన్ని డాక్టర్లకు చెప్పి, దాన్ని బట్టి వైద్యం చేయించారు. మిగతా సగానికి మామూలు వైద్యమే. ఆరు నెలలకు మొదటి గుంపువారి నొప్పులు తగ్గి, జీవితం మెరుగుపడింది. మందులు వాడినా నొప్పి మానని ఇలాంటివారికి ఈ రకం పరీక్షలు చెయ్యాలని 2024లో యూరప్ హృద్రోగ వైద్యుల సంఘం సిఫారసు చేసింది.

జబ్బు తేలితే వైద్యమేమిటి?

స్పాజంకు మంచి మందులున్నాయి. డిల్టియాజెం, వెరపమిల్, నిఫెడిపిన్ వంటి కాల్షియం బ్లాకర్లు ధమని కండరాన్ని బిగుసుకోనివ్వవు. చాలామందికి వీటితోనే నొప్పులు తగ్గిపోతాయి. కాళ్ళ వాపు, తలనొప్పి, మలబద్ధకం వంటివి రావచ్చు. వస్తే డాక్టరుకు చెప్పాలి తప్ప, మీ అంతట మీరు మానెయ్యకూడదు. హఠాత్తుగా మానేస్తే స్పాజం విరుచుకుపడే ప్రమాదముంది. వీటికి తోడు నైట్రేటు మాత్రలు ఇస్తారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. మామూలు గుండెనొప్పికి ఎంతో మేలు చేసే ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్ మందులు స్పాజంను ఎక్కువ చెయ్యవచ్చు. రెండు జబ్బులకూ నొప్పి ఒకటే. మందు మాత్రం ఒకటి కాదు. రోగ నిర్ణయం సరిగ్గా జరగాలనేది ఇందుకే. అయితే ఇది చదివి ఎవరూ తాము వాడుతున్న బీటా బ్లాకర్‌ను ఆపకండి. అది కూడా హఠాత్తుగా ఆపకూడని మందే.

పార్శ్వపు నొప్పికి వాడే ఎర్గోటమిన్, సుమట్రిప్టాన్ మాత్రలు స్పాజం ఉన్నవారు వాడకూడదు. మందుల షాపులో ఏ మాత్ర కొన్నా తన జబ్బు సంగతి చెప్పాలి. మితిమీరిన మద్యం, గట్టి చలి, తీవ్రమైన మానసిక ఆందోళన కూడా స్పాజంను రేపుతాయి.

అన్నిటికంటె పెద్ద శత్రువు సిగరెట్టు. ధమని లోపలి సున్నితమైన పొరను పాడుచేసేది అదే. మందు వేసుకుంటూ సిగరెట్టు కాల్చడమంటే ఒక చేత్తో తూము ఎత్తుతూ ఇంకో చేత్తో దించడమే. చుట్ట అయినా బీడీ అయినా ఇదే మాట. ‘తగ్గించాను’ అంటే చాలదు, పూర్తిగా మానాలి.

నొప్పి వచ్చినప్పుడు ఏం చెయ్యాలి?

డాక్టరు సార్బిట్రేట్ వంటి మాత్ర వ్రాసి ఉంటే దాన్ని మంచం పక్కనే, చీకట్లో తడిమినా దొరికే చోట ఉంచండి. నొప్పి రాగానే కూర్చోబెట్టి నాలుక కింద పెట్టండి. నిలబడి ఉండగా పెట్టుకుంటే బి.పి. తగ్గి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. మగతనం కోసం వాడే సిల్డెనాఫిల్ రకం మాత్రలు వేసుకున్నవారు ఈ మాత్ర పెట్టుకోకూడదు. రెండూ కలిస్తే ప్రాణాపాయం. ఈ సంగతి భర్తలు భార్యల దగ్గర దాచవద్దు.

అయిదు నిమిషాలలో తగ్గకపోతే ‘రోజూ వచ్చేదే కదా’ అని చూస్తూ కూర్చోకండి. 108కి ఫోను చెయ్యండి. నొప్పితో పాటు స్పృహ తప్పినా, గుండె దడదడలాడి కళ్ళు చీకట్లు కమ్మినా వెంటనే పిలవండి. తెల్లవారాక చూద్దామనుకోవడమే మన ఇళ్ళలో చేసే పెద్ద పొరపాటు.

మీ ప్రశ్నకు జవాబు

అమ్మా, ముందు హోల్టర్ సంగతి అడగండి. దానిలో తేలకపోతే, ఆ పరీక్ష చేయించమనే నా సలహా. అయితే అన్ని ఆంజియోగ్రాం కేంద్రాలలోనూ దీన్ని చెయ్యరు. అందుకని ఒప్పుకునే ముందు ఈ ప్రశ్నలు వేయండి:

1. ఈ పరీక్ష మీ దగ్గర తరచుగా చేస్తారా?
2. ఏ మందు వాడతారు, నేరుగా ధమనిలోకేనా?
3. ఇప్పుడు వాడుతున్న మందుల్లో ఏవి, ఎన్ని రోజుల ముందు ఆపాలి? (కాల్షియం బ్లాకర్లు, నైట్రేట్లు ఒంట్లో ఉంటే స్పాజం బయటపడకపోవచ్చు. కాని వాటిని డాక్టరు చెబితేనే ఆపాలి. ఆపిన ఆ ఒకటి రెండు రోజులు నొప్పి వస్తే ఏం చెయ్యాలో కూడా అడగండి.)
4. పరీక్ష తర్వాత ఆ రాత్రి ఆస్పత్రిలో ఉంచుతారా?
5. మొత్తం ఖర్చు ఎంత?

ఈ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పే డాక్టరు దగ్గర ధైర్యంగా చేయించండి. విసుక్కునే చోట వద్దు. పరీక్షలో ఏమీ రాకపోతే అదీ లాభమే. అన్నవాహికో మరొకటో, నొప్పికి వేరే కారణం వెతకవచ్చు.

మీ అత్తగారిని తప్పుపట్టకండి. కొడుకు మీది ప్రేమతోనే ఆవిడ వద్దంటున్నారు. ఈ పేజీ ఆవిడకు చదివి వినిపించండి. ‘అత్తయ్యా, నొప్పిని కొత్తగా తెప్పించడం కాదు, రోజూ వచ్చే దొంగను దీపం పెట్టి పట్టుకోవడం’ అని చెప్పండి. మీ వారికి మాత్రం నా మాటగా ఒక్కటే చెప్పండి: పరీక్షకు ఇంకా పదిహేను రోజులున్నాయి, సిగరెట్టు మానడానికి ఈ రోజే మంచిరోజు.

చిన్న ప్రశ్నలు

ప్రశ్న: నాకు కాన్పులో మెథర్జిన్ ఇంజక్షను ఇచ్చారు. అది గుండె నాళాలను బిగిస్తుందని విన్నాను. నాకు గుండె జబ్బు వస్తుందా?

జవాబు: రాదు. దాని ప్రభావం కొన్ని గంటలలో పోతుంది. ఎందరో తల్లుల ప్రాణాలు కాపాడిన మందు అది. బి.పి. ఎక్కువగా ఉన్నవారికీ, గుండె జబ్బు ఉన్నవారికీ డాక్టర్లు దాన్ని వాడకుండా వేరే మందు ఇస్తారు. మీకు అలాంటి జబ్బు ఉంటే కాన్పుకు ముందే చెప్పాలి.

ప్రశ్న: గొట్టం వెయ్యకుండా సి.టి. స్కానులో స్పాజం తెలియదా?

జవాబు: సి.టి. ఆంజియోగ్రాంలో పూడికలు తెలుస్తాయి. స్కాను తీసిన క్షణాన ధమని సడలి ఉంటే స్పాజం కనబడదు. పూడిక లేదన్న భరోసాకు అది చాలు. తెల్లవారుఝామున వచ్చే నొప్పికి కారణం చెప్పడానికి చాలదు.

ప్రశ్న: స్పాజంకు స్టెంటు వేస్తే పోతుందా?

జవాబు: పూడిక లేకుండా స్పాజం ఒక్కటే ఉన్నవారికి సాధారణంగా స్టెంటు పని లేదు. ఒక చోట స్టెంటు వేస్తే ధమని ఇంకో చోట బిగుసుకోవచ్చు. దీనికి మందులూ, పొగ మానడమూ ముఖ్యం. పూడిక కూడా ఉంటే సంగతి వేరు. అది మీ డాక్టరు నిర్ణయిస్తారు.